వాళ్లంతా ఒక్కకాడ కూసుంటే...

సమస్య

నాకు 28 ఏళ్లు. కొండాపూర్‌లో రెండు గదుల ఫ్లాట్ అద్దెకు తీసుకుని, రాయదుర్గంలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. మా టీమ్ సగం అమెరికాలో ఉంటుంది. సాయంత్రం మొదలైన కాల్స్ ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతాయి. అమ్మ, బాపు జమ్మికుంటలో ఉంటారు. బాపుకి ఎరువుల దుకాణం. తమ్ముడికి 21. బీటెక్ అయ్యాక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికింది. నా దగ్గరే ఉండరా అంటే వినకుండా, ఫ్రెండ్సంతా అక్కడే ఉన్నారని గచ్చిబౌలిలో పీజీలో చేరాడు.

నెల కింద వాడి రూమ్మేట్ ఫోన్ చేసి, ‘అక్కా, మీరొకసారి రండి’ అన్నాడు. వెళ్లేసరికి వాడు మూడు రోజులుగా ఆఫీసుకు పోకుండా కర్టెన్లు వేసుకుని పడుకుని ఉన్నాడు. గంజాయి. బీటెక్ రెండో సంవత్సరం నుంచీ ఉందట. కాలేజీలో శనివారాలకే ఉన్నది, పీజీలో చేరాక రోజువారీ అయింది. ఇంటర్న్‌షిప్ పోయింది. ఆ రోజే నా ఫ్లాట్‌కి తీసుకొచ్చేశాను. సైకియాట్రిస్ట్‌కి చూపించాను. నిద్రకు మందులిచ్చారు. వారానికోసారి కౌన్సెలింగ్ ఉంటుంది.

అప్పటి నుంచి నాది కాపలా ఉద్యోగం. వాడి ఫోన్ నా దగ్గరే. రాత్రి కాల్స్‌లో ఉన్నంతసేపూ తలుపుకి లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుంటాను. ఆఫీసుకి వెళ్లే రోజు బయటి నుంచి తాళం. కౌన్సెలింగ్‌కి మాత్రం ఒక్కణ్నే పంపుతాను, అది డాక్టర్ పెట్టిన షరతు. 18వ రోజున ఆన్‌లైన్‌లో మూత్ర పరీక్ష కిట్ తెప్పించి చూశాను. పాజిటివ్. ‘నేను ముట్టలేదక్కా’ అని ఏడ్చాడు. చెంప మీద కొట్టాను. చిన్నప్పుడు కూడా వాడి మీద చెయ్యి ఎత్తలేదు. ఆ రోజు నుంచి నాతో అవసరమైతే తప్ప మాట్లాడడం లేదు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు సికింద్రాబాద్‌లో ఏదో మీటింగ్‌కి వెళ్తానంటున్నాడు. మానేసినవాళ్లే నడుపుకుంటారట. డాక్టర్ ఉండడు, ఫీజు ఉండదు, ఇంటిపేర్లు చెప్పుకోరు. హాలు చర్చిదట. ‘మతం మారుస్తరేమో బిడ్డా’ అని అమ్మ భయపడుతోంది. బాపు అయితే ఒక్కటే మాట: ‘గంజాయి తాగెటోళ్లంత ఒక్కకాడ కూసుంటె ఇంకేం ముచ్చట పెడ్తరు?’ నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం.

మొన్న ఉతకడానికి వేస్తుంటే వాడి ప్యాంటు జేబులో ఒక తెల్ల ప్లాస్టిక్ బిళ్ల దొరికింది. తాళాలకు తగిలించుకునేలాంటిది. దాని మీద ఒక గుర్తు, ఎన్ ఏ అని రెండు అక్షరాలు. సరుకు అమ్మేవాళ్ల టోకెనేమోనని చేతులు వణికాయి. అడగలేదు, బీరువాలో దాచాను. నాకు సంబంధాలు చూస్తున్నారు. విషయం పోలీసుల దాకా వెళితే మా ఇంటి సంగతేంటి? వాణ్ని పంపమంటారా, వద్దంటారా?

— ఒక అక్క, కొండాపూర్

సలహా

అమ్మా, ముందు బీరువా తెరిచి ఆ బిళ్ల తీసి, దొరికిన జేబులోనే పెట్టేయండి.

అది సరుకు టోకెన్ కాదు. ఆ అక్షరాలు నార్కోటిక్స్ అనానిమస్‌వి. మత్తు మానదలచినవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఈ సంఘం 1953లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలై ఇవాళ మన దేశంతో సహా ఎన్నో దేశాల్లో ఉంది. తెల్ల బిళ్ల కొత్తగా వచ్చినవాళ్లకూ, మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టేవాళ్లకూ ఇస్తారు. మత్తు లేకుండా 30 రోజులు గడిస్తే నారింజ రంగు, 60కి ఆకుపచ్చ, 90కి ఎరుపు. అంటే మీ తమ్ముడు మిమ్మల్ని అడగడానికి ముందే ఒకసారి వెళ్లి వచ్చాడు. మీటింగులు ఒక్క ఆదివారమే ఉండవు. బహుశా కౌన్సెలింగ్ రోజున అటు నుంచి అటే వెళ్లి ఉంటాడు.

దొంగచాటుగా వెళ్లాడని కోపం రావచ్చు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. వారం మొత్తంలో ఆ కుర్రాడికి దొరికిన ఖాళీ రెండు మూడు గంటలు. చేతిలో ఆటో డబ్బులు. గచ్చిబౌలి పీజీ గది పక్కనే, సికింద్రాబాద్ దూరం. అతను వెళ్లింది సికింద్రాబాద్.

ఇక ఆ కిట్ గురించి. ఇది ఎవరో ఒకరు మీకు ముందే చెప్పి ఉండాల్సింది. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో నిలవ ఉండిపోయి, నెమ్మదిగా బయటికి వస్తుంది. ఎప్పుడో ఒకసారి పీల్చినవాళ్లకు మూడు నాలుగు రోజుల్లో పరీక్ష మామూలుగా వస్తుంది గానీ, నెలల తరబడి రోజూ పీల్చినవాళ్లకు మానేసిన మూడు నాలుగు వారాల దాకా, కొందరికి ఆ తర్వాత కూడా పాజిటివ్ చూపిస్తుంది. 18వ రోజు వచ్చిన ఫలితం అతను మళ్లీ ముట్టాడని రుజువు చేయదు. ముట్టలేదనీ రుజువు చేయదు. మీ చెంపదెబ్బ మాత్రం రుజువైపోయింది. ‘ఆ కిట్ సంగతి నాకు తెలియదురా, తప్పయింది’ అని ఒక్క మాట అనండి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. అలాగే నిద్ర పట్టకపోవడం, చీటికీమాటికీ చిరాకు, అన్నం సహించకపోవడం, పీడకలలు రావడం మానేసిన మొదటి రెండు వారాల్లో మామూలే. వాటిని చూసి మళ్లీ మొదలుపెట్టాడని అనుకోకండి. ఎవరో వెంటాడుతున్నారని భయపడినా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, బతకాలని లేదన్నా మాత్రం ఆదివారం దాకా ఆగకూడదు. అదే పూట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు మీ బాపు ప్రశ్న. నాకు నచ్చింది. అందరికీ వచ్చే సందేహాన్ని ఒక్క వాక్యంలో అడిగేశారు. దానికి జవాబు 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో దొరికింది. బిల్ విల్సన్ అని న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఒకాయన. తాగి తాగి ఆస్తీ పరువూ పోగొట్టుకుని, మానేసి అప్పటికి ఐదు నెలలు. వ్యాపారం పని మీద ఏక్రన్ వచ్చాడు, అదీ చెడిపోయింది. హోటల్ లాబీలో నిలబడి ఉన్నాడు. ఒక వైపు బార్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి, ఇంకో వైపు టెలిఫోన్ ఉంది. ఆయన ఫోన్ దగ్గరికి వెళ్లి ఊళ్లో చర్చిల వాళ్లకు ఫోన్లు చేశాడు. అడిగింది డాక్టర్ని కాదు, పాస్టర్ని కాదు. నాలాంటి తాగుబోతు ఇంకొకడు ఉంటే చూపించండి, అతనితో మాట్లాడాలి అన్నాడు. అలా ఆ ఊరి సర్జన్ బాబ్ స్మిత్ దొరికాడు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని షరతు పెట్టిన డాక్టర్ గారు, ఆరేడు గంటలు కూర్చున్నారు. ఆయనకు నీతులు చెప్పినవాళ్లు అప్పటికే బోలెడుమంది. తన జబ్బును తన భాషలో చెప్పినవాడు అదే మొదటిసారి కనిపించాడు. ఆ ఇద్దరి ముచ్చటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అయింది, మీ తమ్ముడు వెళ్లొచ్చిన సంఘం దాని దారిలోనే నడుస్తుంది. బాపుకి ఈ కథ చెప్పండి. ఎరువుల కొట్టు ముందు రోజూ పదిమంది రైతులు కూర్చుంటారు కదా, పత్తికి పురుగు పట్టినవాడు పురుగు పట్టినవాడితోనే ఎందుకు ఎక్కువసేపు మాట్లాడతాడో ఆయనకు ఒకరు చెప్పాలా?

కుటుంబాలను రానిచ్చే ఓపెన్ మీటింగులు కొన్ని ఉంటాయి. అలాంటిదానికి నేనొకసారి వెళ్లాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో చెప్పను, విన్నది అక్కడే వదిలి రావాలన్నది వాళ్ల నియమం. చూసింది చెప్తాను. ప్లాస్టిక్ కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాన్, స్టీలు డబ్బాలో చాయ్. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అందుకోలేదు, సలహాలివ్వలేదు. (సలహాలిచ్చి బతికే నాకు అది కాస్త కష్టంగానే అనిపించింది.) చివర్లో ఒక సంచి తిప్పారు, ఇష్టమైనవాళ్లు పదో ఇరవయ్యో వేశారు. హాలు అద్దె, చాయ్ ఖర్చు అందులోంచే. బయటివాళ్ల దగ్గర చందాలు తీసుకోరు. అందరూ లేచాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చే పని ఒక కుర్రాడికి అప్పజెప్పారు. వారం కిందట చేరాడట. కొత్తవాడికే ఎందుకని అడిగితే, ‘వచ్చే వారం వీడు రాకపోతే కుర్చీలెవరు సర్దుతారు మేడమ్?’ అన్నాడు పక్కాయన.

మీరు ఎంత ప్రేమించినా ఇవ్వలేనిది అదే. మీ ఇంట్లో అతను కాపలాలో ఉన్నవాడు. అక్కడ అతనితో నలుగురికీ పని ఉంది. గంజాయి అతనికి దొరికింది స్నేహితుల మధ్య. మానేసిన రోజున పోయింది మత్తు ఒక్కటే కాదు, బీటెక్ నుంచీ ఉన్న నేస్తాలంతా పోయారు. శనివారం రాత్రి పోయింది. ఇరవై ఒక్క ఏళ్లవాడికి అది చిన్న నష్టం కాదు. ఆ ఖాళీలో మీరు తాళం వేసి కూర్చున్నారు.

అమ్మగారి భయం గురించి. హాలు అద్దెకు తీసుకున్నారు, అంతే. ఏ మతంతోనూ ఆ సంఘానికి సంబంధం లేదు. తమకంటే పెద్ద శక్తి ఒకటుందని నమ్మమంటారు, అదేదో ఎవరికి వారే అనుకోవచ్చు. వేములవాడ రాజన్న అనుకున్నా ఎవరూ కాదనరు.

అలాగని కళ్లు మూసుకుని పంపమనను. తోటివాళ్ల సాయం మందు లాంటిది, మోతాదు తప్పితే వికటిస్తుంది. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 పరిశోధనలు, పది వేలకు పైగా మనుషుల వివరాలు కలిపి చూసి, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఈ పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోదనీ, కొన్నిచోట్ల మెరుగనీ తేల్చింది. కానీ అది మద్యం సంగతి. కుర్రాళ్ల విషయానికొస్తే, చెడు అలవాట్లున్న పిల్లల్ని ఊరికే ఒకచోట చేరిస్తే ఒకరినొకరు పాడు చేసుకుంటారని 1999లోనే అమెరికన్ మనస్తత్వవేత్తలు హెచ్చరించారు. అంటే మీ బాపు పూర్తిగా తప్పేమీ కాదు. మానేసి ఏళ్లు గడిచినవాళ్లు ఆ గదిలో ఉన్నారా లేదా అన్నదే తేడా. ‘మందులు ఆపెయ్’ అని ఎవరైనా అంటే, డబ్బు గుంజితే, ఇంటివాళ్లతో తెగతెంపులు చేసుకొమ్మంటే ఆ గుంపు మంచిది కాదు. మంచి సంఘాల్లో డాక్టర్ పనిలో ఎవరూ వేలు పెట్టరు. మందులూ కౌన్సెలింగూ ఆగకూడదు, మీటింగ్ వాటికి తోడు.

ఇంకో చిక్కు వయసు. కాలేయం చెడి, ఉద్యోగం పోయి, భార్య వెళ్లిపోయిన యాభై ఏళ్లాయన కథ వింటే, నేనంత దూరం పోలేదులే అనిపిస్తుంది ఇరవయ్యొక్కేళ్లవాడికి. ఈ చిక్కు కోసమే అమెరికాలోని హ్యూస్టన్‌లో 1971లో ఒక చర్చి హాల్లో కుర్రాళ్లకంటూ వేరే బృందం మొదలైంది. మీటింగ్ ఎంతో, తర్వాత కలిసి ఆడుకోవడం, తిరగడం కూడా అంతే ముఖ్యం అన్నది దాని పద్ధతి. మానేసిన బతుకు చప్పగా ఉంటే కుర్రాళ్లు నిలవరని గ్రహించారు. కాబట్టి తనకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లెవరైనా అక్కడ ఉన్నారేమో మీ తమ్ముణ్నే కనుక్కోమనండి. మీటింగ్ అయ్యాక ఇరానీ హోటల్లో కూర్చుని ఆలస్యంగా వస్తే గడియారం చూపించకండి, అసలు పని చాలాసార్లు ఆ చాయ్ దగ్గరే జరుగుతుంది. కొండాపూర్ చుట్టుపక్కల బాక్స్ క్రికెట్ కోర్టులు గల్లీకొకటి ఉన్నాయి. పొద్దున బొటానికల్ గార్డెన్‌లో పరుగు ఉంది. ఇక మీటింగ్‌కైతే, రాయదుర్గంలో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే సికింద్రాబాద్ ప్యారడైజ్‌లో దిగొచ్చు. ఒక్కణ్నే వెళ్లనివ్వండి.

పోలీసుల గురించి: చికిత్సకు వెళ్లడం నేరం కాదు. మత్తు పదార్థాల చట్టం (1985)లో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులో గానీ కొద్ది మోతాదు కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట, అంటే మన ఎర్రగడ్డ మానసిక వైద్యశాల లాంటి చోట చికిత్సకు చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ బాధ్యత. మీటింగుల్లో హాజరు పట్టీయే ఉండదు. ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడాలంటే మత్తు విడిపించే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఇబ్బందులకు టెలి మానస్ 14416.

సంబంధాల గురించి మీరు ఒకే వాక్యం రాశారు, నేనూ ఒకే వాక్యం రాస్తాను: తమ్ముడు చికిత్స తీసుకుంటున్నాడని వెనక్కిపోయే సంబంధం ఇప్పుడే పోవడం మంచిది.

మీ గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. నెల రోజులుగా అర్ధరాత్రి దాకా కాల్స్, ఆ తర్వాత తలుపు దగ్గర చెవి. మీరు ఎప్పుడు నిద్రపోతున్నారు? బిల్ విల్సన్ భార్య లోయిస్ కూడా ఇలాగే ఏళ్ల తరబడి కాపలా కాసి, చివరికి 1951లో కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ అనే సంఘం పెట్టింది. మత్తు పదార్థాల బాధితుల ఇంటివాళ్లకు నార్-అనాన్ ఉంది. తమ్ముడి సంఘంలో అడిగితే ఇక్కడ ఎప్పుడు, ఎక్కడ కలుస్తారో చెప్తారు. అతను ఎలా మానాలో అక్కడ నేర్పరు. అతను మానినా మానకపోయినా మీరెలా నిద్రపోవాలో మాట్లాడుకుంటారు.

ఒకవేళ మళ్లీ జారితే? జారవచ్చు. అప్పుడు మళ్లీ తెల్ల బిళ్ల ఇస్తారు, ఎవరూ వెళ్లగొట్టరు. మీరూ వెళ్లగొట్టకండి, కానీ డబ్బు చేతికివ్వకండి, అబద్ధాలు కప్పిపుచ్చకండి.

మనిషిని లోపల పెట్టి తాళం వేయడం మాత్రం ఈ రోజే ఆపండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే అతను ఎటు వెళ్లాలి? ఫ్లాట్‌కి రెండో తాళంచెవి చేయించి అతనికి ఇవ్వండి. ఈ జవాబు అచ్చయ్యేసరికి ముప్పై రోజులు నిండి ఉంటాయి. నారింజ బిళ్ల వస్తే తగిలించుకోవడానికి అతని దగ్గర ఒక తాళంచెవి ఉండాలి కదా.