పాట ఏమడుగుతోందో విను

బుజ్జీ,

నువ్వు పంపిన పాట మూడుసార్లు విన్నాను. ట్యూన్ ముచ్చటగా ఉంది. కానీ నలభై ట్రాకుల కింద అది నలిగిపోయిందిరా. వింటుంటే జార్జ్ మార్టిన్ గుర్తొచ్చాడు.

బీటిల్స్ బ్యాండుకి ప్రొడ్యూసర్ ఆయన. మన సినిమాల్లోలా డబ్బు పెట్టే ప్రొడ్యూసర్ కాదు, రికార్డు ఎలా వినపడాలో తేల్చే మనిషి. 1926లో పుట్టాడు, లండన్ గిల్డ్‌హాల్‌లో సంగీతం చదివాడు, ఓబో వాయించాడు. ఆ కుర్రాళ్లకేమో స్వరలిపి రాదు. అయినా తన చదువు వాళ్ల నెత్తిన రుద్దలేదు.

'ప్లీజ్ ప్లీజ్ మీ' మొదట నీరసంగా సాగే పాట. వేగం పెంచమన్నాడు, పాట లేచి కూర్చుంది. 1965లో 'ఎస్టర్‌డే'కి తీగవాద్యాలు పెడదామంటే ఆ కుర్రాళ్లలో ఒకడైన పాల్ మెకార్ట్‌నీ జంకాడు. పెద్ద ఆర్కెస్ట్రా వద్దు, రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో చాలన్నాడు మార్టిన్. స్వరాన్ని మరీ వణికించొద్దని పాల్ అంటే, ఆ మాటా చెవిన పెట్టాడు.

'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' కథ ఇంకా గమ్మత్తు. ఒక టేకు మొదలూ, ఇంకో టేకు చివరా కలపమన్నాడు వాళ్లలో ఇంకొకడు, జాన్ లెనన్. రెండిటికీ శ్రుతి వేరు, వేగం వేరు. అయితే టేపు వేగం మారిస్తే శ్రుతి కూడా దాంతోపాటే మారుతుంది కదా! ఆ కిటుకుతోనే మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ వేగాలు సవరించి, టేపు కోసి అతికించారు. పాట మొదలైన నిమిషానికి ఆ అతుకు వస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెతుకు. అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి నాలుగు ట్రాకుల యంత్రాలు.

మార్టిన్ 2016లో పోయాడు. స్టూడియోని కూడా ఒక వాద్యంలా వాయించొచ్చని పాప్‌కి నేర్పినవాళ్లలో ఆయనది ముందువరస. నువ్వు లాప్‌టాప్‌లో కోసి అతికించేదంతా ఆ దారే. కాకపోతే ఆయన ముందు పాట అడిగేది విని, తర్వాత కత్తెర పట్టాడు. నువ్వు కత్తెర దొరికింది కదాని కోస్తున్నావు.

ఓ పని చెయ్యి. అన్నీ మ్యూట్ చేసి గొంతొక్కటే విను. తర్వాత ఒక్కో ట్రాకూ తెరువు. ఏది తెరిస్తే పాటకి ప్రాణం లేచొస్తుందో దాన్నే ఉంచు. మళ్లీ పంపేటప్పుడు, ఏమేం తీసేశావో కూడా రాయి. నేను ముందు ఆ జాబితా చదివి, తర్వాత పాట వింటాను.

ఇట్లు,
మీ పెదనాన్న