మలుపునందు కారు నిలుకడ - స్వే బారు

మోటారుబస్సు వేగముగా మలుపు తిరుగునప్పుడు లోపల కూర్చున్న మనము వెలుపలివైపునకు ఒరుగుట యెల్లరకును తెలిసినదే. కదలుచున్న వస్తువు తిన్ననిదారినే పోవ జూచుట దీనికి కారణము. కారు పైభాగమును అట్లే తన చక్రములపై ఒరుగును. ఈ యొరుగును తగ్గించుటకై అమర్చెడు ఉక్కుకడ్డీకి స్వే బారు అని పేరు. కెనడా దేశమందలి ఫ్రెడరిక్టను పురవాసియగు స్టీఫెన్ కోల్మన్ 1919వ సంవత్సరమున దీనికి పేటెంటు పొందెను.

ఈ కడ్డీ నడిమిభాగము రబ్బరుదిండ్లలో బండిచట్రమునకు అడ్డముగా బిగింపబడియుండును. వంగిన రెండు కొనలును కుడి యెడమ చక్రములను పట్టియుంచు భాగములకు తగిలింపబడును. రెండు చక్రములు నొక్కమారే పైకి లేచినచో కడ్డీ దిండ్లలో తిరుగునే గాని యడ్డగింపదు. ఒకటి లేచి రెండవది దిగినచో కడ్డీ మెలిపడును. ఆ మెలి విడివడ జూచు బలమే ఒరుగును తగ్గించును.

కడ్డీ బిగువు దాని వ్యాసము యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. 22 మిల్లీమీటర్ల కడ్డీకి మారుగా 24 మిల్లీమీటర్ల కడ్డీని వేసినచో లావు నూటికి 9 వంతులే హెచ్చును. బిగువు నూటికి 42 వంతులు హెచ్చును. విద్యార్థులు దీనిని పలకమీద గుణించి చూచుకొనవచ్చును. వెలుపల 25, లోపల 15 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టము, అదే లావుగల గట్టికడ్డీకంటె నూటికి 36 వంతులు తేలిక. బిగువున తగ్గునది 13 వంతులు మాత్రమే.

అయినచో లావుకడ్డీ వేసినంతనే కారు బాగుపడునా? పడదు. మలుపున లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములపైకి పోవు మొత్తము భారము బండి యెత్తు, వెడల్పు, వేగము, మలుపు వంపులను బట్టియుండును. ఆ భారములో ముందుచక్రముల వంతెంత, వెనుకచక్రముల వంతెంత యనుటనే కడ్డీలు మార్చును. టైరుపై భారము రెట్టింపైనను దాని పట్టు రెట్టింపు కాదు. కావున ముందుకడ్డీ మిక్కిలి బిగువైనచో ముందుచక్రములు ముందుగా జారి, కారు మలుపు తిరుగక వెలుపలికి పోవును. వెనుకకడ్డీ బిగువైనచో తోకభాగము వెలుపలికి విసరబడును.

ఇందులకు షెవర్లే కంపెనీవారి కోర్వేర్ కారు మంచి యుదాహరణము. 1960 నాటి యా కారునకు ఇంజను వెనుకనుండెను. భారమును వెనుకనే హెచ్చు. ముందుకడ్డీ లేదు. 1964 నాటి కార్లకు కంపెనీవారు ముందుకడ్డీని తప్పనిసరిగా అమర్చిరి. 1965లో రాల్ఫ్ నాడరు తన గ్రంథమున పూర్వపు కార్లను తీవ్రముగా ఖండించెను. 1972లో అమెరికా ప్రభుత్వశాఖ పరీక్షించి, అవి నాటి తోటికార్లకంటె అదుపుతప్పునవి కావని తేల్చెను. తీర్పులు భిన్నములైనను, కడ్డీ యుండుటయు లేకుండుటయు ఎంత పెద్దచర్చకు చోటిచ్చెనో గమనింపదగును.

కావున స్పోర్ట్సుకారు కడ్డీలను మార్చువారు మొదట అరిగిన దిండ్లను, వదులైన కీళ్లను, టైర్లను సరిచూడవలెను. ఒకమారు ఒక కొనవైపు కడ్డీనే మార్చి, జనసంచారములేని మైదానమున పరీక్షింపవలెను. మితిమీరిన బిగువువలన ఒక చక్రమునకు తగిలిన గుంత రెండవదానిని కూడ కుదుపును; తడిరోడ్డుపై పట్టు తప్పును. యంత్రమునందు ఒక భాగమునకు బలము చేర్చునపుడు, తక్కినభాగములతో దాని పొందికను ముందుగా విచారించుటయే వివేకము.