ఫొటోలో ఉన్నోళ్లను ముందు అడుగు



సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల మూడు ఊళ్లలో నీ ఫొటోలు బజార్లనే పెడతానని రాసినవు. చాలా సంబరమైంది. హైదరాబాద్‌లో గ్యాలరీలున్నయి, 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ఉన్నది. కానీ నువ్వు తీసింది బీడీలు చేసే తల్లులను, సాంచాల కాడ నిలబడే కార్మికులను, గల్ఫ్‌కు పోయినోళ్ల ఇండ్లను. ఒకరోజు కూలి ఇడిచిపెట్టి వాళ్లు హైదరాబాద్ దాకా పోయి చూడలేరు. నీ ఆలోచన మంచిది, ముందుకు పో.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలలో మహళ్లు, నవాబులు కనబడతరు. తమ ఫొటోలను ఆల్బములు చేసి దాచుకునే భాగ్యం వాళ్లకుండె. మన వరంగల్ భరత్ భూషణ్ గారు కెమెరాను పల్లె దిక్కు తిప్పిండ్రు. బతుకమ్మను, పాత ఇండ్ల తలుపులను, ఆడోళ్ల ముఖాలను తీసిండ్రు. 2022లో ఆయన పోయినా ఆ తొవ్వ ఉన్నది. నువ్వు ఫొటోను అందులోని మనిషి ఉండే ఊరికే తెస్తున్నవు. అందుకే చెప్తున్న, వాళ్లను అడగకుండ ఒక్క ఫొటో కూడా కట్టకు.

కోరుట్లలో తీసినదొకటి నాకు పంపినవు. తల్లి ఒడిలో చాట ఉన్నది, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. వేలికి దారం. వెనుక గడప మీద బడి డ్రెస్సులో పిల్ల కూసొని బీడీలు కట్టలు కడుతున్నది. చక్కటి ఫొటో. కానీ నాలుగు బాటల మీద నిలబెడితే, పిల్లతోని పని చేయిస్తున్నవా అని అందరు ఆ తల్లినే అడుగుతరు. బడిలో పిల్లను తోటోళ్లు ఏమంటరో ఆలోచించు. అది పక్కకు పెట్టు. తల్లి ఒక్కతే ఉన్న వేరే ఫొటో పెట్టు.

ఫోన్‌లో చూపించి సరేనా అంటే అందరూ సరే అంటరు. అది చాలదు. ఇంత పెద్దగ, ఫలానా చోట, ఇన్ని రోజులు ఉంటదని చెప్పి, కొలత చేతులతో చూపించి అడుగు. గల్ఫ్ ఇండ్లలో ఇంకా జాగ్రత్త కావాలె. అప్పు ఇచ్చినోళ్లు, ఏజెంట్లు అదే బజారులో తిరుగుతుంటరు. ముఖం వద్దన్నోళ్ల ముఖం పెట్టకు.

ఇగ పని సంగతి. అనుమతి కోసం మున్సిపాలిటీకి, పోలీసు స్టేషన్‌కు ముందే రాతపూర్వకంగ దరఖాస్తు ఇయ్యి. సంక్రాంతి దాటినంక పెట్టుకుంటే వానల భయం తక్కువ. తూర్పు ముఖం ఉన్న గోడకు కడితే మధ్యాహ్నం దాటినంక ఫొటోలూ, చూసేటోళ్లూ నీడలోనే ఉంటరు. సాయంత్రమే జనం వస్తరు కాబట్టి అదే మనకు అక్కర. మెరిసే ఫ్లెక్స్ తీసుకోకు. లైటు పడంగనే తెల్లగ కొడుతది, ఫొటో కనబడదు. మ్యాట్ వినైల్ తీసుకో. దీపాలు ఎదురుంగ కాకుండ పక్క నుంచి, పై నుంచి వేయించు.

సిరిసిల్ల ఫొటోలను మాత్రం గుడ్డ మీదనే అచ్చేయించు. అక్కడి సాంచాల మీద నేసేదాంట్ల పాలిస్టర్ ఎక్కువ. సబ్లిమేషన్ ప్రింటు పాలిస్టర్ మీద బాగ పడుతది. గాలికి కొట్టుకోకుండ పైన, కింద పైపులు కుట్టించి తాళ్లతోని బిగించు. తాము నేసిన గుడ్డ మీద తమ ముఖం చూసుకున్న కార్మికునికి నువ్వు వేరే ఏమీ చెప్పనక్కర లేదు.

మూడు ఊళ్లకు ఒకటే వరుస పెట్టకు. కోరుట్లలో బీడీల ఫొటోలు ముందుండాలె, సిరిసిల్లలో సాంచాలు. జగిత్యాల టవర్ సర్కిల్ కాడ నిలబడి చూసే తీరిక తక్కువ కాబట్టి తక్కువ ఫొటోలు, పెద్దవి పెట్టు. కింద రాసే మాటలు రెండు వాక్యాలు దాటొద్దు, తెలుగుతో పాటు ఉర్దూలో కూడ ఉండాలె. రిబ్బన్ కత్తిరించేందుకు నాయకుని కోసం ఎదురుచూడకు. ఫొటోలో ఉన్న తల్లితోనే కత్తిరింపజెయ్యి.

అయిపోయినంక ఏం చెయ్యాలెనో ఇప్పుడే అనుకో. జేఆర్ అనే ఫ్రెంచి కళాకారుడు 2009లో కెన్యాలోని కిబేరాలో అక్కడి ఆడోళ్ల ఫొటోలను రేకుల ఇండ్ల కప్పుల మీద పరిచిండు. వినైల్ మీద అచ్చేసిండు కాబట్టి అవే వాన లోపలికి కారకుండ అడ్డమైనయి. నువ్వు కూడ ప్రతి ప్రింటును అందులో ఉన్నోళ్లకే ఇచ్చిరా. అడ్డం కట్టుకుంటరో, పెట్టెల దాచుకుంటరో వాళ్ల ఇష్టం. ఆ ఖర్చు మొదటి లెక్కలోనే రాసుకో, తక్కువ పడితే నేనిస్త. ఫొటోలు తగ్గినా మంచిదే, ఈ పని మాత్రం తప్పొద్దు.

ముందు కోరుట్లకు పోయి ఆ తల్లిని అడుగు. ఆమె ఏమన్నదో నాకు రాయి.

నీ పెద్దబాపు