రంపం కదలదు, చెక్కే తిరగాలి
స్క్రోల్ సా: సందేహాలు - సమాధానాలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువమందిది ఒకటే గోడు: బ్లేడు గీత తప్పుతోందని. అందుకే ఆ జవాబు కాస్త పొడుగైంది. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

● బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో చిన్నచిన్న చెక్కపనులు చేసుకోవాలని కోరిక. స్క్రోల్ సా కావాలని హార్డ్‌వేర్ షాపులో అడిగితే జిగ్ సా చేతిలో పెట్టి "రెండూ ఒకటేనండీ" అన్నారు. నిజమేనా? ఏది కొనమంటారు?
- ఒక పాఠకుడు, తెనాలి

ఒకటి కాదండి. జిగ్ సాను చేత్తో పట్టుకుని చెక్క మీద నడిపిస్తాం. మోటు కోతలకు, వంటింటి ప్లాట్‌ఫారం ప్లైవుడ్‌లో సింకు కోసం పెద్ద రంధ్రం తియ్యడానికి అది బాగుంటుంది. స్క్రోల్ సా కదలదు. 5 అంగుళాల సన్నని బ్లేడు మిషను పైచేతికీ కిందిచేతికీ మధ్య బిగుసుకుని కిందికీ పైకీ ఆడుతూ ఉంటుంది, మనం చెక్కను బల్ల మీద ఆనించి దాని ముందు తిప్పుతాం. బ్లేడు పైకొస విప్పి, చెక్కలో వేసిన చిన్న బెజ్జంలోంచి దూర్చి మళ్ళీ బిగించుకోవచ్చు. అంచు తెగకుండా లోపల జాలీ తియ్యగలిగేది అందుకే.

కొనేటప్పుడు అందరూ మోటారు ఎంత పవరని అడుగుతారు. అడగాల్సింది అది కాదు, బ్లేడు ఎలా బిగుస్తుందని. చౌక మిషన్లు కొన్ని పిన్ ఉన్న బ్లేడే తీసుకుంటాయి. బ్లేడు కొసన అడ్డంగా చిన్న పుల్ల ఉంటుంది. అది దూరాలంటే బెజ్జం దాదాపు 5 మిల్లీమీటర్లు వెయ్యాలి. నెమలి బొమ్మ కన్నులో అంత బెజ్జం వేస్తే కన్నే మిగలదు. పిన్ లేని బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటరు చాలు. కాబట్టి పిన్ లేని బ్లేడు పట్టే మిషనే తీసుకోండి. ప్రకటనల్లో కనిపించే 16 అంగుళాలు, 20 అంగుళాలు అనేది బ్లేడు నుంచి వెనకాల స్తంభం దాకా ఉన్న ఖాళీ. ఇంటిపనికి 16 సరిపోతుంది. వేగం తగ్గించి పెంచుకునే నాబ్ తప్పనిసరి. షాపులోనే మిషను ఆన్ చేయించి, బల్ల మీద రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టి చూడండి. నిలిచిందా, మిషను అదురు తక్కువని లెక్క. పడిపోతే వెంటనే వద్దనకండి, బరువైన స్టాండుకు బోల్టులు వేసి బిగిస్తే చాలా మిషన్లు కుదురుకుంటాయి.

ఇంతా చెప్పి ఒక మాట. నన్నడిగితే ముందు మిషను కొనకండి. కంసాలి రంపంలాగే ఉండి, దానికన్నా లోతైన ఫ్రేముతో ఫ్రెట్ సా అని చేతి రంపం దొరుకుతుంది. కొన్ని వందల రూపాయల్లో పోతుంది. ఒక పలక కొసన ఇంగ్లీషు వి అక్షరంలా కోత పెట్టి టేబుల్ అంచుకు క్లాంపుతో బిగించండి. ఆ కోత మధ్యలో రంపం ఆడాలి, పళ్ళు కిందికి చూడాలి. రెండు నెలలు దానితో గడిపాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు మిషను కొనండి. ఫ్రెట్ సాకూ స్క్రోల్ సాకూ బ్లేడు పొడవు ఒకటే కాబట్టి కొన్న బ్లేడ్లు వృథా పోవు.

● గీత మీద తిన్నగా పెట్టి తోసినా కోత పక్కకు పోతోంది. బ్లేడ్లు టపటపా తెగుతున్నాయి. చెక్క అంచు నల్లగా మాడుతోంది. మిషను లోపమా?
- ఒక పాఠకుడు, కరీంనగర్ (ఇదే బాధ రాసినవారు ఇంకా చాలామంది)

మిషను లోపం కాదు. బ్లేడు తయారీలో పళ్ళకు ఒక పక్క, సాధారణంగా కుడి పక్క, సన్నని గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క ఎక్కువ కోస్తుంది. అందువల్ల చాలా బ్లేడ్లు కాస్త కుడికి లాగుతాయి. కొత్తవాళ్ళు దీనితో పోట్లాడతారు, చెక్కను పక్కకు నెడతారు. బ్లేడు విల్లులా వంగుతుంది, కోత ఏటవాలవుతుంది, చివరికి తెగుతుంది. పోట్లాడకండి. చెక్కను మూడు నాలుగు డిగ్రీలు ఏటవాలుగా పట్టుకుని తోస్తే బ్లేడు గీత మీదే నడుస్తుంది. ఎంత వాలు కావాలో ఒక్కో రకం బ్లేడుకు ఒక్కోలా ఉంటుంది. పారేసే ముక్క మీద ఒక నిలువు గీత కోసి చూసుకుంటే తెలిసిపోతుంది.

తర్వాత బిగువు. బిగించాక బ్లేడును వేలితో పక్కకు నొక్కండి. ఓ 3 మిల్లీమీటర్లకు మించి కదలకూడదు. మీటితే స్పష్టంగా మోగాలి, డబడబమంటే వదులుగా ఉందన్నమాట. వదులైతే బ్లేడు తిరుగుతుంది, మరీ బిగిస్తే తెగుతుంది. వదులు వల్లే తెగేవి ఎక్కువని నా అనుభవం.

బల్ల బ్లేడుకు నిట్టనిలువుగా లేకపోయినా గీత తప్పినట్టే అనిపిస్తుంది. కొలబద్దలు అక్కర్లేదు, ఇలా చూడండి: ఒకటిన్నర అంగుళాల మందం చెక్క అంచును బ్లేడుకు ఆనించి కొద్దిగా గాటు పెట్టండి. మిషను ఆపి, అదే ముక్కను వెనక్కి తీసుకెళ్ళి, బ్లేడు వెనక వైపు నుంచి ఆ గాటులోకి దూర్చండి. నిలువుగా ఉంటే బ్లేడు గాటులో సాఫీగా దిగుతుంది. పట్టేస్తే బల్ల వాలిందని అర్థం, సరిచేసుకోండి. ప్రతి కొత్త పనికి ముందు నేనిది చేస్తాను.

బ్లేడు సైజు సంగతి కొందరు అసలు పట్టించుకోరు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 1 నుంచి 3 నంబరు, పావు నుంచి ముప్పావు అంగుళం గట్టి చెక్కకు 5, అంతకు మించితే 7, 9. 2/0 లాంటి సన్నవి పల్చటి వెనీరుకు. మాడటానికి కారణం చాలాసార్లు అరిగిన బ్లేడును పట్టుకుని వేలాడటమే. బ్లేడు పదును పోయిందని చేతికి తెలుస్తుంది. పొద్దుట ఎంత తోస్తే కోసిందో, ఇప్పుడు అంతకన్నా గట్టిగా తోస్తున్నామని. ఆ క్షణమే మార్చేయాలి. గట్టి చెక్కమీద మామూలు పార్సిల్ టేపు అంటించి కోస్తే మాడటం బాగా తగ్గుతుంది. నమ్మరు గాని చేసి చూడండి. కింది అంచుల్లో పీచులు లేస్తుంటే రివర్స్ టూత్ బ్లేడు అడగండి. దాని చివరి కొన్ని పళ్ళు పైకి చూస్తాయి, పీచును పైకి లాగి శుభ్రంగా తెంపుతాయి. బిగించేటప్పుడు ఆ పళ్ళు బల్ల మీదికి సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోండి.

● మా ఇంటికి "శాంతి సదనం" అని తెలుగులో పేరు కోయించుకోవాలని మా అబ్బాయి ఉబలాటం. ఇంగ్లీషు అక్షరాలకు నమూనాలు బోలెడు దొరుకుతున్నాయి, తెలుగుకు కనిపించవు. ఏం చెయ్యాలి?
- ఒక గృహిణి, భీమవరం

అమ్మా, మంచి ప్రశ్న. ఎందుకో దీని గురించి రాసేవాళ్ళే లేరు. తెలుగు అక్షరాల్లో ఒంటికి అంటుకోని ముక్కలు ఎక్కువ. మీ పేరులోనే చూడండి. రెండు సున్నాలు విడివిడిగా నిలబడతాయి. "స" మీది తలకట్టు చాలా ఫాంట్లలో కింది భాగానికి తగలదు. వేరే పేరులో వత్తులుంటే అవి ఇంకా కిందికి వేలాడతాయి. కోశాక ఇవన్నీ చేతిలోకి ఊడి వస్తాయి.

దారులు రెండు. మొదటిది, అక్షరాలను విడిగా కోసి ఇంకో రంగు పలక మీద ఫెవికాల్‌తో అంటించడం. తలకట్టు, సున్నా ఎక్కడ ఉండాలో కాగితం నమూనాను పలక మీద పెట్టి పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే చాలు. కొత్తవాళ్ళకు ఇదే మేలు. రెండోది, పలకలో అక్షరాలను కన్నాలుగా తీసి వెనకనుంచి వెలుతురు వచ్చేలా చెయ్యడం. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, కానీ సున్నా మధ్య ముక్క రాలిపోతుంది. దాన్ని నిలపడానికి రెండు పక్కలా సన్నని వంతెనలు వదలాలి. మూసుకుపోయే ప్రతి గుండ్రానికీ అంతే. వంతెన 3 మిల్లీమీటర్లకు తగ్గితే ప్లైవుడ్‌లో కూడా విరుగుతుంది.

సన్నని ఫాంటు వద్దు. శీర్షికలకు వాడే బొద్దు అక్షరాలు తీసుకోండి. రామరాజ, పొన్నాల లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. కావలసిన సైజులో ప్రింటు తీయించి, చెక్క మీద ముందు మాస్కింగ్ టేపు పరిచి, దాని మీద గ్లూ స్టిక్‌తో కాగితం అంటించండి. పనయ్యాక టేపు లాగితే కాగితం దానితోపాటే వచ్చేస్తుంది, గీకే బాధ లేదు. లోపలి గుండ్రాలన్నీ ముందు కోసి, బయటి అంచు ఆఖరున కొయ్యాలి. చుట్టూ చెక్క ఉన్నంతసేపే పట్టుకోవడానికి వీలు. సున్నాను చివరికి వదిలి చిన్న ముక్కగా పట్టుకుని కోస్తే వేలు బ్లేడు దగ్గరికి పోతుంది, అబ్బాయికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పండి.

● ఏ చెక్క మంచిది? మా ఊరి అడితిలో టేకు ముక్కలు చౌకగా ఇస్తున్నారు. బొమ్మల పొణికి వాడొచ్చా?
- ఒక విద్యార్థి, విజయనగరం

నేర్చుకునేటప్పుడు 6 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్. మామూలు ప్లైవుడ్ పొరల మధ్య ఖాళీలుంటాయి, నాజూకు పని చేస్తుండగా అక్కడే ఊడుతుంది. టేకు అందంగా ఉంటుంది గాని దానిలో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, బ్లేడును తినేస్తుంది. బ్లేడ్లకు పెట్టే డబ్బు కూడా లెక్క వేసుకుని చౌకో కాదో తేల్చుకోండి. మామిడి, పనస బాగా పనికొస్తాయి, బాగా ఆరి ఉండాలి. కొండపల్లి, నిర్మల్ వాళ్ళు వాడే పొణికి మరీ మెత్తన, తేలిక. చెక్కుడు బొమ్మకు దానికి సాటి లేదు, సన్నని జాలీకి మాత్రం నిలవదు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెక్క లేత రంగుతో, నున్నగా ఉంటుంది, చిన్న ముక్కలు దొరికితే వదలకండి. ఎర్రచందనం ముక్క ఎవరైనా చాటుగా ఇస్తామంటే చేతులు కట్టుకుని వచ్చేయండి. అటవీశాఖ కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది.

● అపార్టుమెంటు బాల్కనీలో చేసుకుంటున్నాను. పొట్టు ఇల్లంతా పడుతోందని ఇంట్లో గొడవ.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

ఇంట్లోవాళ్ళదే న్యాయం. కంటికి కనిపించే పొట్టు కన్నా కనిపించని దుమ్ము ప్రమాదం. కలప దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలోనే పెట్టింది. మిషనుకు ఉన్న గాలి గొట్టం గీత కనిపించడానికి దుమ్మును పక్కకు ఊదుతుందే తప్ప పీల్చదు. బల్ల కింద వ్యాక్యూమ్ గొట్టం పెట్టండి, ఎన్95 మాస్కు వేసుకోండి, ఉప్పుకాగితం పట్టేటప్పుడు కూడా తియ్యకండి. రోజ్‌వుడ్, టేకు దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. ఎండీఎఫ్ ఇంట్లో కొయ్యనే వద్దు. దాని జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది.

● మేం డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడి చెక్కపని క్లబ్బులో చేరాను. అంతా పెద్దవయసు వాళ్ళు, నేనొక్కదాన్నే భారతీయురాలిని. నమూనాలు ఉచితంగా ఇస్తుంటారు. వాటితో చేసినవి సంక్రాంతి మేళాలో అమ్మొచ్చా? ఇంతకీ ఇది మగవాళ్ళ పనేనా?
- ఒక పాఠకురాలు, అమెరికా

చివరి ప్రశ్న ముందు. మీరున్న దేశంలో 1870లు, 80లలో కాలితో తొక్కే స్క్రోల్ సాలు ఇళ్ళలోకి వచ్చాయి. ఇల్లినాయిస్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లోని బార్న్స్ కంపెనీ సైకిలు తొక్కినట్టు కూర్చుని తొక్కే రంపాన్ని అమ్మింది. గోడ అరలు, గడియారపు పెట్టెలు, ఫొటో ఫ్రేములు ఇంటింటా తయారయ్యేవి, ఆడవాళ్ళూ పిల్లలూ చేసేవారు. ఇంగ్లండులో నార్ఫోక్ జిల్లా డెరెహామ్‌లోని హాబీస్ కంపెనీ 1895 నుంచి వారపత్రికే నడిపింది, నమూనాలు ఇచ్చేది, చెక్క, రంపాలు అమ్మేది. ఇప్పుడు రంగురంగుల చెక్కముక్కలతో బొమ్మ కూర్చే ఇంటార్సియాకు అమెరికాలో ఊపు తెచ్చినవారిలో ముఖ్యురాలు టెనెసీకి చెందిన జూడీ గేల్ రాబర్ట్స్. ఇంటార్సియాలో రంగు పుయ్యరు. పసుపు కావాలంటే పసుపు చెక్కే వెతుక్కోవాలి. మన పనస చెక్క పంపమని క్లబ్బువాళ్ళు మిమ్మల్ని అడిగే రోజు వస్తుంది, చూడండి.

ఇక అమ్మకం. నమూనా ఉచితంగా ఇచ్చారంటే హక్కులన్నీ ఇచ్చారని కాదు. చాలామంది గీసినవాళ్ళు, కోసిన వస్తువు చిన్న సంఖ్యలో అమ్ముకోనిస్తారు గాని నమూనా కాగితాన్ని జిరాక్సు తీసి పంచనివ్వరు. కొందరు అమ్మకానికీ ఒప్పుకోరు. కాగితం అడుగున రాసి ఉంటుంది, లేకపోతే అడగండి. క్లబ్బులో ఈ మర్యాద తప్పినవాళ్ళకు రెండోసారి నమూనా ఇవ్వరు. పెద్దవాళ్ళు ఎక్కువని బెంగ పెట్టుకోకండి. బ్లేడు బిగువు వేలితో ఎలా చూడాలో పక్కన కూర్చుని నేర్పేది వాళ్ళే.

● లేజర్ కటింగ్ షాపులో నిమిషాల్లో అయిపోయేదానికి ఇంత అవస్థ ఎందుకండీ?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

యాభై నేంప్లేట్లు ఒకేరకంగా కావాలంటే లేజరుకే ఇవ్వండి, నేనూ అదే చేస్తాను. కానీ లేజరు అంచును నల్లగా కాలుస్తుంది, మందమైన గట్టి చెక్క దగ్గర తడబడుతుంది. ఇంకో సంగతి చూడండి. రెండు రంగుల పలకలను ఒకదానిమీద ఒకటి అంటించి, బల్లను మూడు డిగ్రీల దాకా వాల్చి, ఆకు ఆకారం ఒక్కసారే కోస్తే పై ఆకు కింది పలక కన్నంలోకి దిగి సందు లేకుండా బిగుసుకుంటుంది. బ్లేడు తిన్న మందాన్ని ఆ వాలు పూడ్చేస్తుంది. తిప్పే దిక్కు మారిందా, ఆకు జారి కింద పడుతుంది. షాపులోని మామూలు లేజరు నిలువుగానే కోస్తుంది, ఈ వాలు దానికి రాదు. సరదా కోసం చేసేదానికి ఎందుకని అడిగితే నా దగ్గర వేరే జవాబు లేదు.

వచ్చే నెలకు ప్రశ్న పంపేవారు చెక్క పేరు, మందం, బ్లేడు నంబరు తప్పక రాయండి. వీలైతే కోసిన ముక్క వెనక వైపు ఫొటో జత చెయ్యండి. తప్పు ఎక్కడుందో ముందు వైపు కన్నా అక్కడే బాగా తెలుస్తుంది.