గృహారాధనము – మూడు తరములు

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) సంకీర్తన లక్షణమును వివరించుచు సంస్కృతమున ఒక గ్రంథము రచించిరి. అది నేడు లభించుట లేదు. అయినను అందలి విషయము మనకు దక్కినది. వారి మనుమడు చిన తిరుమలాచార్యులు దానిని తెనిగించుటయే అందులకు కారణము. తాతగారి గ్రంథము పోయినది, మనుమని గ్రంథము నిలిచినది. అన్నమయ్యగారి జీవితమును గూర్చి మనకు తెలిసినదానిలో హెచ్చుభాగము మరియొక మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రము వలననే. నడుమ తరమువారైన పెద తిరుమలాచార్యులు స్వయముగా వాగ్గేయకారులయ్యును, తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించి కొండపై భద్రపరచిరి. వారు తండ్రిని కేవలము కొనియాడి ఊరకుండలేదు, చేయవలసిన పనిని చేసిరి.

సామాన్యుల యిండ్లలో రాగిరేకులు లేవు, నిత్య తిరువారాధనము కలదు. అందు ప్రతి వయస్సునకు ఒక పని యున్నది. తాతగారు సాలగ్రామమునకు తిరుమంజనము చేయుదురు. కోడలు మడితో ఆరగింపునకు సిద్ధపరచును. ఆరగింపు వేళ తెర పట్టుట పసివాని వంతు. నాయనమ్మ తులసిమాల కట్టుచు, “నేడు ద్వాదశి, తులసి కోయరాదురా, నిన్ననే కోసి యుంచితిని” అనును. పంచాంగము చూడకయే పిల్లవానికి తిథి తెలియును. ధనుర్మాసమున దినమున కొకటిగా తిరుప్పావై ముప్పది పాశురములు వినుచు, అరవము రాని పిల్లలు సైతము వానిని కంఠస్థము చేయుదురు. ఇరువదియేడవ పాశురము మాత్రము ఎవ్వరును మరువరు. ఆనాడు నేయి కారు పరమాన్నము కదా!

పెద్దలు పరమపదించిన పిమ్మట సాలగ్రామముల పెట్టెను దేవాలయమున అప్పగించి వెడలిపోవు కుటుంబములు నేడు కలవు. దోషమంతయు కుమారులదే యనుట లోకరీతి. నాకది సమంజసముగా తోచదు. సమాశ్రయణము పొందిన కుమారుని సైతము “నీకు తెలియదు, ప్రక్కకు జరుగు” మని యెనుబది యేండ్ల వరకు ఆరాధనమును తమ చేతనే యుంచుకొనిన పెద్దలు లేరా? ఆ కుమారుడు ఏబదియవ యేట తొలిసారి ఆ పెట్టె తెరచినచో, భక్తి లేక కాదు, చేతకాక భయపడును.

దూరదేశముల నున్న మనుమలకు పాశురమును టెలిఫోనులో చెప్పు నాయనమ్మ లున్నారు. అది మంచిదే. పాశురము చెవి ద్వారా వచ్చును. తిరువారాధనము మాత్రము ప్రక్కన నిలిచి, కలశము అందించుచు నేర్వవలసినది. భోగినాటికి పిల్లలు ఇల్లు చేరుదురు. ఆనాడు తాతగారు పీట దిగి ప్రక్కన కూర్చుండి, కుమారునిచే తిరుమంజనము చేయింపవచ్చును. గోదాకల్యాణమునకు మాల మనుమరాలు కట్టవచ్చును. ముడి వదులైనచో నాయనమ్మ ప్రక్కనే యున్నది.