లెఫ్ట్ తిరగాలంటే దడ

ప్రశ్న: హైదరాబాద్‌లో పదేళ్లు స్కూటీ నడిపాను. వర్జీనియాలోని ఆష్‌బర్న్ వచ్చాక కారుకు లర్నర్స్ పర్మిట్ తీసుకున్నా. సిగ్నల్ దగ్గర లెఫ్ట్ తిరగాలంటే చేతులు చల్లబడుతున్నాయండీ. ఎలా?

జవాబు: మీ భయంలో అర్థముందమ్మా. మన దగ్గర ఎడమ మలుపు సులువు. ఇక్కడ అది ఎదురొచ్చే బళ్లకు అడ్డంగా పోవడం. బాణం గుర్తు లేని ఉత్త పచ్చ లైటైతే దారి ఎదుటివాళ్లది. ఆగినంతసేపూ చక్రాలు నేరుగా ఉంచండి. ముందే తిప్పి ఉంచితే, వెనక బండి తగిలిందంటే మీ కారు ఎదుటి వరుసలోకి పోతుంది. వెనకాయన హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

తిరిగాక పాత అలవాటు ఎడమకు లాగుతుంది. మధ్యగీత మీ ఎడమ భుజం వైపుంటే సరైన చోట ఉన్నట్టే.

ముందు ఆదివారం పొద్దున్నే, పచ్చ బాణమున్న సిగ్నళ్ల దగ్గర సాధన చేయండి. వాక్స్‌పూల్ రోడ్డు, రూట్ 7 లాంటి పెద్ద రోడ్లు తర్వాత. బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకోవడం వర్జీనియాలో 2021 జనవరి 1 నుంచి నిషేధం. మొదటి లైసెన్సైతే, డ్రైవింగ్ కోర్సు చేయని పెద్దవాళ్లు పర్మిట్ మీద ఎలాగూ 60 రోజులు ఉండాలి. పక్కన మీవారు లేని బ్రేకు తొక్కుతుంటే మాత్రం, ఆ పూటకి ఇంటికి వచ్చేయండి.