సిస్టర్, కోపానికి మాత్ర ఉందా?

ఈ నెల ఆరోగ్య పాఠం

బి.పి. చూపించుకోవడానికి ఒక కుటుంబం మన ఓ.పి.కి వచ్చింది. భర్తకు నలభై ఏళ్లుంటాయి, కరెంటు పని చేస్తారు. ఆ రోజు బి.పి. 160/100 ఉంది. ఆయన మందుల కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డాక, భార్య వెనక్కి వచ్చి మెల్లగా అడిగింది: "సిస్టర్, బి.పి.కి మాత్రలిచ్చారు. కోపానికి కూడా ఏదైనా మాత్ర ఉందా? వాళ్ల నాన్న బండి చప్పుడు వినగానే మా పాప తలుపు వెనక దాక్కుంటోంది."

వారెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాము. కాని ఆ ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో ఉన్నదే. దానికి జవాబు ఇది: కోపానికే ప్రత్యేకంగా మాత్ర లేదు, సహాయం ఉంది. అది ఎవరి దగ్గర దొరుకుతుందో, వారిని ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో చూద్దాము.

సహాయం ఎప్పుడు అవసరం?

కోపం రావడం జబ్బు కాదు. అన్యాయాన్ని చూస్తే కోపం రావాలి కూడా. అయితే ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా సహాయం తీసుకోండి.

• చెయ్యి చేసుకోవడం, వస్తువులు విసిరి కొట్టడం, బెదిరించడం.
• చిన్న మాటకు పెద్ద కోపం, ఆ తరువాత చాలాసేపు బాధపడడం.
• కోపం వల్ల పని పోవడం, అయినవాళ్లతో మాటలు ఆగిపోవడం.
• ఇంట్లోవారు మీ ముఖం చూసి, మాట్లాడాలో వద్దో నిర్ణయించుకోవడం.

ఈ చివరి గుర్తు మీకు మీరుగా కనిపెట్టడం కష్టం. ఇంట్లోవారినే అడగాలి, వారు చెప్పింది వినాలి.

శరీరానికీ దీనితో సంబంధం ఉంది. హార్వర్డ్ పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ఒక విషయం ప్రకటించారు. తీవ్రమైన కోపం వచ్చాక మొదటి 2 గంటలలో గుండెపోటు ముప్పు, మిగతా సమయాలతో పోలిస్తే దాదాపు 5 రెట్లు ఉంటోంది. ఒక్కసారి కోపం వస్తే కలిగే ముప్పు చిన్నదే. కాని రోజూ పలుమార్లు కోపం వచ్చేవారికి, అందులోనూ గుండె జబ్బు, బి.పి. ఉన్నవారికి, అది చిన్నది కాదు.

మొదట మామూలు డాక్టరుగారికి చెప్పండి

కోపం వెనుక కొన్నిసార్లు వేరే జబ్బు ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, షుగరు మందు వాడేవారికి షుగరు పడిపోవడం, నిద్రలేమి, తగ్గని నొప్పి, తలకు దెబ్బ తగలడం వంటివి మనిషిని చిరాకుపరుస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు, కొన్ని మూర్ఛ మందులు కూడా అలా చేయవచ్చు. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుతో చెప్పండి. మగవారిలో దిగులు జబ్బు చాలాసార్లు ఏడుపుగా కాక కోపంగా బయటపడుతుంది. మద్యం సంగతి దాచవద్దు. తాగుడు ఆగకుండా కోపం ఒక్కటే తగ్గడం కష్టం.

శాంతంగా ఉండే మనిషి ఉన్నట్టుండి మారిపోతే, ముఖ్యంగా పెద్దవయసులో, అది స్వభావమని వదిలేయకండి. వెంటనే పరీక్ష చేయించండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్టు: ఎం.బి.బి.ఎస్. చదివి, మానసిక వైద్యంలో ఎం.డి., డి.ఎన్.బి. లేక డి.పి.ఎం. చేసిన డాక్టరు. దిగులు, ఆందోళన, మద్యం అలవాటు వంటివి ఉన్నాయేమో చూసి, అవసరమైతే మందులిస్తారు.

క్లినికల్ సైకాలజిస్టు: మందులు వ్రాయరు. మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు. కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పేది ఎక్కువగా వీరే. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చే నమోదు సంఖ్య ఉంటుంది.

కౌన్సెలర్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్: మంచి శిక్షణ పొందినవారు చాలా సహాయం చేయగలరు. అయితే కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న అందరి చదువూ ఒకే స్థాయిలో ఉండదు గనుక అడిగి తెలుసుకోండి.

"పాస్టరుగారితో మాట్లాడితే చాలదా?" అని కొందరు అడుగుతారు. మాట్లాడండి, ధైర్యం వస్తుంది. కాని షుగరుకు ప్రార్థన చేస్తూనే ఇన్సులిన్ వేసుకుంటాము కదా, ఇదీ అంతే.

ఎక్కడ వెతకాలి?

• 14416కు ఫోను చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్. రాత్రి పగలు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.
• ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అక్కడికి వెళ్లిన ప్రతివారూ చేరవలసిన పని లేదు. ఓ.పి.లో చూపించుకొని ఇంటికి రావచ్చు.
• మీకు బి.పి., షుగరు చూసే డాక్టరుగారినే, ఎవరి దగ్గరికి వెళ్లమంటారో చెప్పి చీటీ వ్రాసి ఇమ్మని అడగండి.

మొదటి రోజే అడగవలసినవి

1. మీరు ఏమి చదివారు? నమోదు సంఖ్య ఉందా?
2. కోపం సమస్యతో వచ్చినవారికి ఇంతకుముందు చికిత్స చేశారా? ఏ పద్ధతిలో?
3. తెలుగులో మాట్లాడవచ్చా? (మనకు కోపం వచ్చేది తెలుగులో. దాన్ని ఇంకో భాషలో చెప్పబోతే సగం జారిపోతుంది.)
4. ఎన్ని వారాలు రావాలి? ఫీజు ఎంత? ఒక రోజు రాలేకపోతే ఎలా?
5. నేను చెప్పినది ఎవరికైనా చెబుతారా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతుంది. ఎవరికైనా హాని జరిగే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం దీనికి మినహాయింపు ఉంటుంది. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారి దగ్గర కోపం తగ్గించుకోవడం నేర్చుకోగలమా? మూడు నాలుగుసార్లు వెళ్లాక కూడా కుదరలేదనిపిస్తే వేరొకరి దగ్గరికి మారండి, చికిత్స మాత్రం మానవద్దు.

అక్కడ ఏమి చేస్తారు?

సాధారణంగా వారానికొకసారి, ముప్పావు గంట నుండి గంట వరకు ఉంటుంది. చాలాచోట్ల 8 నుండి 12 వారాలు పడుతుంది. ఒక నోటుపుస్తకంలో కోపం వచ్చిన ప్రతిసారీ వ్రాయమంటారు: ఎప్పుడు, ఎక్కడ, ఒంట్లో ఏమైంది, మనసులో ఏ మాట మెదిలింది.

మొదట చెప్పిన కుటుంబాన్నే తీసుకోండి. రాత్రి 8 గంటలకు భార్య బడి ఫీజు గురించి అడిగింది, ఆయన పళ్లెం విసిరారు. పుస్తకంలో వ్రాసి చూస్తే కోపం మొదలైంది సాయంత్రం 4 గంటలకు, పని చేయించుకున్నాయన కూలి తగ్గించి ఇచ్చినప్పుడు. చెవులు వేడెక్కడం, పళ్లు బిగియడం అప్పుడే మొదలైంది. "నన్ను ఎవరూ లెక్కచేయరు" అన్న మాట అప్పటినుండీ మనసులో తిరుగుతూనే ఉంది. ఆ మాటను పట్టుకోవడం, అది ప్రతిసారీ నిజమేనా అని చూడడం, "పది నిమిషాలు బయటికి వెళ్లి వస్తాను" అని చెప్పి వెళ్లి, తప్పకుండా తిరిగివచ్చి మాట్లాడడం నేర్పుతారు.

ఈ పద్ధతిపై వచ్చిన 50 అధ్యయనాలను 1998లో కలిపి చూశారు. చికిత్స పొందిన సగటు మనిషి, పొందనివారిలో 76 శాతం మందికంటె మెరుగ్గా ఉన్నట్లు తేలింది. "కోపాన్ని కక్కేస్తే పోతుంది" అనే మాట మాత్రం నిజం కాదు. అమెరికాలో 2002లో వెలువడిన ఒక ప్రయోగంలో, కోపం తెప్పించినవారిని తలచుకొంటూ సంచిని గుద్దినవారికి కోపం తగ్గకపోగా పెరిగింది.

ఇంట్లోవారికి రెండు మాటలు

గొడవ మధ్యలో "నీకు పిచ్చి, డాక్టరుకు చూపించుకో" అంటే ఎవరూ వెళ్లరు. ప్రశాంతంగా ఉన్నప్పుడు, చూసినదే చెప్పండి: "ఏమండీ, మీ బండి చప్పుడుకు పాప దాక్కుంటోంది. నాకు బాధగా ఉంది. ఈసారి బి.పి. డాక్టరుగారిని ఈ సంగతి కూడా అడుగుదామా?"

కొట్టడం జరుగుతున్న ఇంట్లో అయితే మొదటి పని ప్రాణరక్షణ. చికిత్స ఫలించేదాకా దెబ్బలు ఓర్చుకోవాలని ఎవరు చెప్పినా వినవద్దు. భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ అప్పుడే వద్దు, ఆమె అక్కడ చెప్పిన మాటకు ఇంటికి వెళ్లాక దెబ్బలు పడవచ్చు. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరమైతే 112కు ఫోను చేయండి.

ఆ కరెంటు పని చేసే ఆయన మొదటి రెండుసార్లు భార్య మాట కాదనలేక వచ్చారు. మూడోసారి తానే నోటుపుస్తకం తెచ్చుకొని వచ్చారు. రెండు నెలల తరువాత పాప ఎలా ఉందని అడిగాము. "ఇంకా తలుపు దగ్గరే నిలబడుతోంది సిస్టర్, కాని ఇప్పుడు తల బయటికి పెట్టి చూస్తోంది" అన్నారు. ఆయన ఇంకా వస్తూనే ఉన్నారు.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన ఇంట్లో ఎవరి కోపానికి ఎవరు భయపడుతున్నారు?
2. కోపం వచ్చే ముందు నా ఒంట్లో మొదట కనిపించే గుర్తు ఏమిటి?
3. ఈ వారం ఎవరికి ఫోను చేస్తాము? ఏ రోజు?